ఉప్పుగాలి ఊళ్లో చేతి నగలు: పూలజడల నుంచి పట్టుదారం గాజుల దాకా

పాతికేళ్ల కిందటి విశాఖలో పెళ్లికో పేరంటానికో ముస్తాబు కావాలంటే బంగారానికి కురుపాం మార్కెట్టు, మిగతా అన్నిటికీ పూర్ణా మార్కెట్టు. పూసలు, చమ్కీలు పొట్లాల లెక్కన, రిబ్బన్లు గజాల లెక్కన తెచ్చుకునేవారు. తెచ్చినవి తెచ్చినట్టు పెట్టుకోవడం తక్కువ. గుచ్చడమో కుట్టడమో అతికించడమో, ఇంట్లో ఎవరో ఒకరి చేయి పడాల్సిందే. ప్రతి వీధిలోనూ ఆ పనికి పేరున్న అక్కో పిన్నో ఒకరుండేవారు.

ఈ ఊళ్లో ఆ పని అంత తేలిక కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో దానికి ఉప్పు తోడు. హుక్కు తుప్పు పడుతుంది, గమ్ము ఆరదు, వార్నిష్ తెల్లబడుతుంది, జరీ నల్లబడుతుంది. వేరే ఊళ్లో నేర్చుకున్న పద్ధతి ఇక్కడ సగమే పనిచేస్తుంది. అందుకే మనవాళ్లు వస్తువు పాడైన ప్రతిసారీ ఎందుకు పాడైందో చూసుకుని తమ పద్ధతులు తాము కట్టుకున్నారు. వాటిలో చాలావాటిని ఎవరూ రాసిపెట్టలేదు. గుర్తున్నంతవరకు చెప్పుకుందాం.

ముందు పూలజడ. ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లకు పట్టులంగా కట్టి, పూలజడ వేసి, స్టూడియోకి తీసుకెళ్లి, వెనక అద్దం పెట్టించి జడ కనపడేలా ఫొటో తీయించని ఇల్లు అప్పట్లో అరుదు. ఆ జడ బతికేది ఒక్క సాయంత్రం. దాని వెనక ఉన్న లెక్క మాత్రం పక్కాగా ఉండేది.

ఎనిమిదేళ్ల పిల్లకు, సవరం కలిపి రెండడుగుల జడకు, పావుకిలో మల్లెమొగ్గలు కావాలి. ఏరివేతకు పోయేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి మరో గుప్పెడు ఎక్కువ. పొద్దున్నే కోసిన గట్టి మొగ్గ తేవాలి. మల్లె సాయంత్రానికి విచ్చుకుంటుంది కనుక కుట్టు మధ్యాహ్నం మొదలుపెట్టి నాలుగింటికల్లా ముగించాలి. ఆలస్యమైతే చేతిలోనే విచ్చుకుని వరస చెదిరిపోతుంది. మొగ్గల మీద నీళ్లు చల్లకూడదు. పిండిన తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. నీళ్లు నిలిస్తే రేకులు నీరుపట్టి గోధుమరంగుకు తిరుగుతాయి. సూది దిగాల్సింది ఆకుపచ్చ తొడిమలో. తెల్లటి రేకులో దిగితే అరగంటలో అక్కడ మచ్చ వస్తుంది. కొత్తగా కుట్టేవాళ్ల జడ తొందరగా కమిలిపోవడానికి అదే కారణం. దారాన్ని ముందే తడిపి ఉంచుకుంటే జారదు, తొడిమను కోయదు.

మొగ్గలు కుట్టే ఆధారం పాతకాలంలో అరటి దొప్ప. తర్వాత పాత శుభలేఖల అట్టలు వచ్చాయి. ఇక్కడే ఒక చిన్న కిటుకుంది. రెండడుగుల అట్టను ఒకే ముక్కగా కత్తిరిస్తే పిల్ల నిలబడ్డప్పుడు బాగుంటుంది, కూర్చోగానే జడ వీపు మీంచి లేచి కర్రలా నిలబడుతుంది. మూడంగుళాల ముక్కలు కోసి, పై ముక్క అంచు కింది ముక్క మీద అరంగుళం ఎక్కేలా వరసగా కుట్టాలి. వెడల్పు మెడ దగ్గర రెండున్నర అంగుళాలు, కిందికి వచ్చేసరికి ఒకటిన్నర. మధ్యలో మల్లె, అంచుకు కనకాంబరం, సందుల్లో మరువం, పైన నాగరం, చివర జడకుప్పెలు. బరువంతా తల మీద పడకుండా, మెడ దగ్గర రిబ్బన్‌తో అసలు జడకు గట్టిగా బిగించి, ప్రతి ముక్కను విడిగా ఒక కుట్టుతో జడకు పట్టించాలి. ఆ విడి కుట్లు మానేస్తే పందిట్లో నాలుగు గెంతులు వేసేసరికి జడ ఒక పక్కకి తిరిగిపోతుంది.

ఇప్పుడు పూలజడలు ఆర్డరిస్తే డబ్బాలో వస్తున్నాయి, బాగానే ఉంటున్నాయి కూడా. కాకపోతే చాలావాటికి వెనక థర్మోకోల్. తేలిక నిజమే గానీ చెమటను పీల్చదు, మే నెల ఉక్కలో పిల్లలు ఏడుస్తారు. అరటి దొప్ప చల్లగా ఉండేది.

మన ప్రాంతపు పేరు దేశమంతా చెప్పుకునేలా చేసిన చేతిపని ఏటికొప్పాక లక్కది. వరాహ నది ఒడ్డున, ఎలమంచిలికి దగ్గర్లో ఉన్న ఊరు. అప్పుడు మన విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. లక్కపిడతలతో ఆడని పిల్లలు ఆ తరంలో లేరు. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆ ఊరి లక్కపని కళాకారుడు సి.వి.రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే కవాతులో రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. పేరంతా బొమ్మలకే వెళ్లిపోయింది. కర్రను తిప్పుతూ చెక్కే అదే లేతు మీద తయారయ్యే గాజులు, దిద్దులు, పూసల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నన్నడిగితే పనితనం ఎక్కువ కనపడేది గాజులోనే, ఎందుకంటే అందులో తప్పు దాచుకునే చోటుండదు.

కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. పచ్చికర్రను తెచ్చి నీడన నెలల తరబడి ఆరబెట్టాలి. ఎండలో పెట్టి తొందరపెడితే చివర్ల నుంచి నెర్రెలిస్తుంది. సరిగ్గా ఆరని కర్ర మీద లక్క ఆ రోజుకి అందంగానే పడుతుంది. లోపలి తేమ తర్వాత బయటికొచ్చి లక్కను పొరలా లేపుతుంది. కొన్న రెండో నెలలో గాజు మీది రంగు గోరుతో గీకితే ఊడి వచ్చిందంటే రంగు మంచిది కాదని తిట్టుకుంటాం గానీ, అసలు తప్పు కర్ర ఆరబెట్టిన దగ్గరుంది.

లక్క కడ్డీ తయారుచేయడం వేరే పని. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగుపొడి కలిపి, జీళ్లపాకం లాగినట్టు సాగదీసి మడిచి మళ్లీ సాగదీస్తారు. రంగు అంతటా ఒకేలా పట్టేదాకా ఆ సాగదీత ఆపకూడదు. తొందరపడి ఆపేస్తే గాజు మీద చారలు తేలతాయి. పసుపురంగుకు పసుపే, నారింజకు జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు, పసుపూ నీలిమందూ కలిస్తే ఆకుపచ్చ, కరక్కాయకు ఇనుము తోడైతే నలుపు. మధ్యలో రసాయన రంగుల కాలం ఒకటి నడిచింది. సహజ రంగులు మళ్లీ నిలదొక్కుకోవడం వెనక రాజు గారి కృషి ఉంది. వీటిలో ఎండకు అన్నిటికన్నా ముందు వెలిసిపోయేది పసుపు. ఆకుపచ్చ గాజు కొన్నాళ్లకు నీలంగా కనపడటం మొదలైతే అందులోంచి పసుపు వెళ్లిపోయిందన్నమాట. నీలి మాత్రం మొండిది. అందుకే షోకేసులో ఎండ తగిలే వరసలో ఉన్న ఆకుపచ్చ గాజు కొనకండి, వెనక వరసలోది అడగండి.

ఇక లేతు. కరెంటు లేతులు రాకముందు ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. లేతుకు బిగించిన కర్రదిమ్మ ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిరుగుతుంది, ఉలి కోసేది ఒక వైపు తిరుగుడులోనే. దిమ్మ బయటి గుండ్రం తీసి, లోపల తొలిచి, గరుకు కాగితంతో నున్న చేసి, ఆ తర్వాతే లక్క. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. విడిగా మంట అక్కర్లేదు. వేగం చాలకపోతే లక్క గడ్డలుగా పడుతుంది, మరీ అదిమితే మాడి నల్లచార వస్తుంది. పైన మొగలి ఆకు అదిమి పట్టుకుంటే లక్క సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఆ మెరుపు ఆకుదే, పైన వార్నిష్ ఏమీ ఉండదు. దిమ్మ మీదే రంగులన్నీ పూర్తిచేసి, చివర్న సన్న ఉలితో ఒక్కో గాజునూ తెంపుతారు.

దిమ్మను పొడవు దిశలో బిగించి తిప్పుతారు కాబట్టి కర్ర పోగు గాజు వెడల్పు వెంట నడుస్తుంది, గుండ్రం వెంట కాదు. కర్ర చీలేది ఎప్పుడూ పోగు వెంటే. అంటే సన్నటి చెక్కగాజు కింద పడితే రెండు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉన్నట్టే. గోడ మందం నాలుగైదు మిల్లీమీటర్లయినా లేని గాజు చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ కొనకపోవడం మంచిది. వెడల్పు గాజు కొంటే మామూలుగా వేసుకునే సైజు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. చెయ్యి మడిచి దూర్చినప్పుడు సన్న గాజు వాలుతుంది, వెడల్పుది వాలదు.

లక్కకు నీళ్లతో పెద్ద గొడవ లేదు, తుడిచేస్తే సరి. పడనివి రెండు: వేడి, స్పిరిటు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద గాజులు వదిలేస్తే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సెంటు, హెయిర్ స్ప్రే, శానిటైజరు లక్కను కరిగిస్తాయి. 2020లో శానిటైజరు రోజుల్లో ఎన్నో లక్క గాజులు జిగురుపట్టి మెరుపు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. ముందు చేతులకు రాసుకుని, పూర్తిగా ఆరాక గాజు వేసుకుంటే ఏమీ కాదు. లేచిపోయిన లక్కను గమ్ముతో అతికించే ప్రయత్నం దండగ. గాజును చెక్క గూటానికి బిగించి మళ్లీ లేతు మీదకెక్కించి కొత్త లక్క వేయడమే మార్గం. అడిగితే చేసిచ్చేవాళ్లున్నారు.

గవ్వల దండల సంగతి కాస్త. ఆర్కే బీచ్ ఇసుకలో తట్టలు పెట్టుకుని అమ్మిన దండలు, జడపిన్నులు, పేర్లు చెక్కిన శంఖాలు వైజాగ్ చూడటానికి వచ్చిన ప్రతి చుట్టం సంచిలోనూ వెళ్లేవి. అవన్నీ ఇక్కడి సముద్రంలో ఏరినవే అనుకునేవాళ్లం గానీ చాలా సరుకు తమిళనాడు తీరం నుంచి వచ్చేది. గవ్వకు బెజ్జం వేయడంలోనే సగం పని. ఒక మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు, కింద చెక్కముక్క, గిన్నెలో గవ్వ మునిగేన్ని నీళ్లు. నీళ్లు రెండు పనులు చేస్తాయి: బిట్టు వేడెక్కి గవ్వ పగలకుండా చూస్తాయి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతాయి. నీళ్లున్న చోట కరెంటు డ్రిల్లు వద్దు, చేత్తో తిప్పేదో బ్యాటరీదో వాడాలి. చెక్క ఆధారం లేకపోతే బిట్టు బయటికొచ్చే వైపు పెచ్చు లేస్తుంది. శుభ్రం చేయడానికి యాసిడ్ వాడేవాళ్లున్నారు. గవ్వ అంటే సున్నమే, యాసిడ్ ముందు దాని మెరుపునే తినేస్తుంది. సబ్బునీళ్లు, పాత బ్రష్షు చాలు.

ఒక జాగ్రత్త. 2001లో కొన్ని శంఖాలను, గవ్వజాతులను, పగడపు దిబ్బల ముక్కలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. కొమ్ముల శంఖం, నాటిలస్, పెద్ద రాక్షస ఆల్చిప్ప లాంటివి కొనడం, అమ్మడం నేరం. మామూలు చిన్న గవ్వలతో ఆ తలనొప్పి లేదు. ఇంట్లో తాతలనాటి పెద్ద శంఖం ఉంటే దాన్ని కోసి లాకెట్ చేయించే ముందు అది ఏ జాతో కనుక్కోండి.

తర్వాత 2010 దాటాక వచ్చింది పట్టుదారం గాజుల ఊపు. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా అపార్ట్‌మెంటుకొకరు చొప్పున చేసేవారేమో అనిపించేది. యూట్యూబ్ చూసి నేర్చుకుని, చీర రంగుకు సరిపోయేలా చేసి, వాట్సాప్‌లో అమ్మారు. ఖర్చు తక్కువ, చేయి తిరగడానికి వారం చాలు. కాకపోతే వీడియోలో చూపించనివి కొన్నున్నాయి.

మొదటిది సైజు. గాజు సైజు 2-4 అంటే లోపలి అడ్డుకొలత రెండంగుళాలు, పైన పదహారింట నాలుగు వంతులు. 2-6, 2-8 కూడా అంతే లెక్క. ఒక సైజుకు మరో సైజుకు తేడా అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ గాజు లోపలి వైపు కూడా దారం చుడతాం కాబట్టి రెండు పక్కలా కలిపి దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. పలచగా ఒకే వరస చుడితే ఫరవాలేదు. మందంగా రెండు వరసలు చుట్టేటట్టయితే ఒక సైజు పెద్ద గాజు తీసుకోవాలి. పెళ్లికూతురికి సరిపోని సెట్లు వెనక్కి రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండోది గాజు అంచు. చౌక ప్లాస్టిక్ గాజుకు అచ్చు కలిసిన చోట సన్నటి గీత లేచి ఉంటుంది. గరుకు కాగితంతో దాన్ని నున్న చేయకపోతే అదే దారాన్ని లోపల్నుంచి కోస్తుంది. తర్వాత దారం: నాలుగు మిల్లీమీటర్ల మందం గాజుకు 20 పోగులు, ఒక్కోటి మీటరు పొడవు. పోగులు పక్కపక్కనే రిబ్బన్‌లా పరుచుకోవాలి, మెలిపడితే అక్కడ గీత కనపడుతుంది. చేతివేళ్లు గరుగ్గా ఉంటే పోగులు లేస్తాయి. కొంచెం పౌడరు రాసుకుంటే చాలు, నూనె మాత్రం వద్దు, మరక ఉండిపోతుంది. ఆ మెరిసే దారం పేరుకే పట్టు, ఎక్కువభాగం రేయాన్. తడిస్తే బలహీనపడుతుంది, మెరుపు తిరిగి రాదు. వ్రతానికి, పసుపునీళ్ల పనులకు ఈ గాజులు వేసుకోవద్దని అమ్మేటప్పుడే చెప్పేయాలి.

మూడోది గమ్ము. కుందన్లను తొందరగా అతికించాలని ఇన్‌స్టంట్ గమ్ము వాడితే మర్నాటికి రాయి చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ. ఆ గమ్ము ఆవిరి చుట్టుపక్కల పేరుకోవడం వల్ల వస్తుందది, మన ఊరి తేమలో మరింత ఎక్కువ. ముదురు రంగు దారం మీద దాన్ని తుడవడం అయ్యేపని కాదు. తెల్లటి ఫ్యాబ్రిక్ గ్లూ అగ్గిపుల్ల మొనతో చుక్క పెట్టి, కుందన్ పెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేయాలి. వానాకాలంలో ఒక రాత్రి చాలదు. రాయి గట్టిగానే కనపడుతుంది గానీ గోరు పెడితే జారుతుంది. అలాంటి రోజుల్లో ఏసీ గదిలో ఆరబెట్టుకున్నవాళ్లే ఆర్డరు టైముకి ఇవ్వగలిగారు.

మట్టి నగలకూ అదే కాలంలో మంచి రోజులొచ్చాయి. వాటి గండం తయారీలో కాదు, ఆరబెట్టడంలో. మెత్తగా జల్లించిన మట్టితో చేసిన లాకెట్ ఆరి కాలేసరికి నూటికి ఎనిమిది పది వంతులు కుంచించుకుపోతుంది. కాబట్టి తీగ దూరే బెజ్జం తీగ కన్నా వెడల్పుగా పొడవాలి, దిద్దు కూడా కావలసిన దానికన్నా పెద్దదిగా చేయాలి. ఫ్యాన్ గాలికి, ఎండకు పెడితే అంచు ముందు ఆరి వంకర తిరుగుతుంది. నీడలో, పైన పలచటి గుడ్డ కప్పి, రోజుకోసారి తిరగేస్తూ ఆరబెట్టాలి. చలికాలంలో నాలుగైదు రోజులు, జూలై ఆగస్టుల్లో అంతకు రెట్టింపు. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. ఆ తడితో నిప్పుల్లో పెడితే ఆవిరి దారి దొరక్క ముక్క టప్పున పేలుతుంది, పక్కవాటినీ పాడుచేస్తుంది. ఊకలో, పిడకల్లో కాల్చేటప్పుడు మొదటి గంట సన్నసెగే. కాలాక, ముక్కలు పెట్టి కాల్చిన కుండ పూర్తిగా చల్లారేదాకా మూత తీయొద్దు. గాలి ఆడితే ఎరుపు, గాలి మూసి పొగ పట్టిస్తే నలుపు, మట్టి ఒకటే అయినా. పైన రంగు వేశాక వార్నిష్‌ను వానరోజున మాత్రం వేయకండి, పాలలా తెల్లబడిపోతుంది.

ఇన్ని చేసినా, చివరికి తిరిగొచ్చే ఫిర్యాదు హుక్కు మీదే. పూత పూసిన ఇనుప హుక్కు బీచ్ పక్క ఇంట్లో ఒక్క వానాకాలం దాటదు. చెవి దగ్గర నల్లటి మరక పడుతుంది, కొందరికి దురద. దురదకు ఎక్కువగా కారణం నికెల్. దిద్దు మొత్తం తయారీ ఖర్చులో హుక్కుది చిన్న భాగం, అక్కడ పొదుపు చేయడం తెలివితక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు, అదీ సర్జికల్ స్టీలు అని అమ్మే రకం తీసుకోండి. కొనేటప్పుడు చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. గట్టిగా లాగిందంటే లోపల ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. ఇత్తడి తీగ అయితే చేశాక పలచగా ఒక పూత రంగులేని లక్కరు వార్నిష్ వేయాలి. హుక్కును నగకు కలిపే చిన్న తీగచుట్టును, అంటే జంప్ రింగును, పక్కలకు లాగి తెరవకూడదు, ఒక కొసను ముందుకి, ఒక కొసను వెనక్కి తిప్పి తెరవాలి. పక్కలకు లాగితే గుండ్రం పోయి మళ్లీ సరిగ్గా మూసుకోదు, పూస జారిపోయేది ఆ సందులోంచే.

దాచుకోవడానికి ఒక్కోదాన్ని విడిగా పాత నూలుగుడ్డలో చుట్టి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి. కలరా ఉండలను జరీ ఉన్నవాటికి దూరంగా ఉంచండి. లక్క గాజులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, మధ్యలో గుడ్డ వేసి నిలువుగా పెట్టండి. డబ్బాను డిసెంబరు, జనవరిల్లో మధ్యాహ్నం పూట నీడన తెరిచి గాలాడనివ్వొచ్చు. జూన్ నుంచి అక్టోబరు దాకా అవసరమైతే తప్ప మూత తీయకండి.